గొంతు బొంగురుపోయి 5 వారాలైతే మాత్రలతో నెట్టుకురావద్దు

ప్రశ్న: నా వయసు 38. ఒక బృందంలో కీబోర్డు వాయిస్తూ పాడుతుంటాను. వారానికి మూడు నాలుగు ప్రదర్శనలుంటాయి. తీరిక దొరికితే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినడం, సొంతంగా బాణీలు కట్టుకోవడం అలవాటు. కొన్ని నెలలుగా కొత్త బాణీ ఒక్కటీ తట్టడం లేదు. వినాలన్న ఆసక్తీ తగ్గింది. 5 వారాలుగా గొంతు బొంగురుగా ఉంది గానీ, తోటి గాయకుడు ఇచ్చిన మాత్ర వేసుకుంటే ప్రదర్శన గట్టెక్కుతోంది. కార్యక్రమం అయ్యాక చెవుల్లో హోరు వినిపించి, తెల్లవారేసరికి తగ్గుతోంది. మెదడు చురుగ్గా ఉండడానికి ఏ విటమిన్లు వాడాలి?

సమాధానం: మీరు విటమిన్ల గురించి అడిగారు గానీ, లేఖలో ఒక్కో వాక్యంతో సరిపెట్టిన గొంతు, చెవుల సంగతే ముందు చూడాలి. లేఖ చదివి జబ్బును నిర్ధారించడం కుదరదు కనుక, మిమ్మల్ని నేరుగా పరీక్షించే డాక్టరు చెప్పేదాన్నే ప్రామాణికంగా తీసుకోండి.

జలుబు వల్లనో, ఎక్కువగా పాడడం వల్లనో గొంతు బొంగురుపోతే సాధారణంగా రెండు వారాల్లో కుదుటపడుతుంది. 4 వారాలు దాటినా తగ్గలేదంటే ఈఎన్‌టీ నిపుణులు స్వరపేటికను ఎండోస్కోపీతో చూడవలసిందే. పాటే వృత్తి అయినవారు అంతకాలం కూడా ఆగకూడదు. స్వర తంత్రుల మీద చిన్న కాయలు, పాలిప్ (మెత్తని బుడిపె), రక్తస్రావం, ప్రదర్శన ముగిశాక ఆలస్యంగా తిని వెంటనే పడుకోవడం వల్ల ఎగదన్నే ఆమ్లం, ఇలా కారణాలు అనేకం. అరుదుగా క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది. పొగతాగే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఆలస్యం అసలే పనికిరాదు.

ఇక ఆ మాత్ర. దాని పేరు కూడా రాయలేదంటే, ఏం మింగుతున్నారో మీకే తెలియదేమోనని నా ఆందోళన. వేసుకున్న కొద్ది గంటల్లో గొంతు తెరుచుకుంటోందంటే అది స్టెరాయిడ్ కావచ్చు. తారస్థాయిలో పాడేటప్పుడు స్వర తంత్రులు సెకనుకు 400 సార్లకు పైగా ఒకదానికొకటి తగులుతుంటాయి. స్టెరాయిడ్ వాపును అణచివేస్తుంది, గాయం మాత్రం అలాగే ఉంటుంది. బాగైపోయిందనుకుని మీరు మునుపటి బలంతోనే పాడితే, వాచిన తంత్రిలోని సన్నని రక్తనాళం చిట్లి, పాట మధ్యలోనే గొంతు పోవచ్చు. దానికి తోడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది. స్వరపేటికను చూసిన తర్వాత, తప్పనిసరైతే డాక్టర్లు కూడా కొద్దిరోజులకు స్టెరాయిడ్ రాస్తారు. చూడకుండా ఒకరి మందు మరొకరు మింగడమే ప్రమాదం. వేదికనెక్కే ముందు చేతుల వణుకు తగ్గడానికి, గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్రను పంచుకునేవారూ ఉన్నారు. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంత సాధన చేసి తెచ్చుకున్న గొంతును పేరు తెలియని మాత్రకు అప్పగించడం న్యాయమేనా, మీరే ఆలోచించండి. అయితే, వారాల తరబడి రోజూ వేసుకుంటూ ఉంటే ఉన్నపళంగా ఆపేయకండి. మాత్రల స్ట్రిప్‌తో సహా వెంటనే డాక్టరును కలిసి, మోతాదు ఎలా తగ్గించుకోవాలో అడగండి.

చెవుల్లో హోరు తెల్లవారేసరికి తగ్గుతోందని నిశ్చింతగా ఉండకండి. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చన్నది ఒక ప్రమాణం. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతూ, 100 డెసిబెల్స్ దగ్గర సుమారు 15 నిమిషాలకు వస్తుంది. డ్రమ్స్ పక్కన, మానిటర్ స్పీకర్ ఎదుట ఆ స్థాయి అసాధారణం కాదు. మొదట దెబ్బతినేది 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య వినికిడి కనుక, మాటలు బాగానే వినిపిస్తూ నష్టం తెలియకుండా పోతుంది. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. దూది పెట్టుకుంటే హెచ్చు స్వరాలే కొంత తగ్గుతాయి తప్ప పెద్దగా రక్షణ ఉండదు. అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గించే సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ వాడండి. ప్రదర్శన అయిన రాత్రి ఇయర్‌ఫోన్లు ముట్టుకోవద్దు.

బాణీలు తట్టకపోవడం గురించి కూడా చెప్పాలి. స్టెరాయిడ్ నిద్రనూ మనస్థితినీ చెదరగొడుతుంది. వారమంతా రాత్రి ప్రదర్శనలుంటే నిద్ర ఎలాగూ చాలదు. థైరాయిడ్ మందగించినా నీరసం, నిరాసక్తతతో పాటు గొంతు బొంగురుపోతుంది కాబట్టి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించడం మంచిది. పాటల మీదే కాక అన్నింటి మీదా ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే అది కుంగుబాటు కావచ్చు, ఆ మాట డాక్టరుతో దాచకుండా చెప్పండి. లోపం ఉందని పరీక్షలో తేలితే విటమిన్ వాడవచ్చు, లేకపోతే దానితో ప్రయోజనం ఉండదు.

పరీక్ష అయ్యేదాకా పాడవద్దు, గుసగుసగానూ మాట్లాడవద్దు. ఇయర్‌ప్లగ్స్‌తో కీబోర్డు వాయించుకోవచ్చు. ఊపిరి ఆడకపోయినా, ఉమ్మిలో రక్తం కనిపించినా, పాడుతుండగా గొంతు హఠాత్తుగా పోయినా, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఈఎన్‌టీ నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు గొంతు బాగున్నప్పుడు పాడిన రికార్డింగ్ ఒకటి ఫోన్‌లో ఉంచుకుంటే, ఇప్పటి గొంతుతో పోల్చి చూడడానికి వారికి ఉపయోగపడుతుంది.