ఊరి గురించి రాసే అమ్మాయికి

బ్రాడీపేట,
గుంటూరు

అమ్మాయీ,

నీ కథ చదివాను. మంగళగిరి మీద కథ అనగానే మొదటి పేరాలో గాలిగోపురం వస్తుందేమో అనుకున్నా, వచ్చింది. దాని మీద సూర్యోదయం కూడా అయింది. 1807-09 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన 11 అంతస్తుల గోపురం అది. గొప్పదే, కాదన్ను. కానీ ఆ ఊళ్ళో ఉండేవాడు పొద్దున లేచి గోపురం చూడడు. కుళాయి వచ్చిందా, పాలవాడు వచ్చాడా, కరెంటు ఉందా అని చూసుకుంటాడు. గోపురం వైపు తలెత్తేది బస్సు దిగినవాళ్ళు. పద్మశాలీల ఇంట పుట్టి, మగ్గం చప్పుడులో నిద్రపోయిన పిల్లవి నువ్వు. బస్సు దిగినదానిలా మొదలుపెట్టడం దేనికి? ఆ పేరా మొత్తం తీసెయ్.

ఇక అసలు సంగతి. "మా ఊరు చచ్చిపోయింది" అని కథ నిండా రాశావు. చావలేదమ్మా. 2021లో మంగళగిరినీ తాడేపల్లినీ కలిపి కార్పొరేషన్ చేశారు. ఎయిమ్స్ వచ్చింది. హైవే పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి. సాయంత్రం పూట ఆ రోడ్డు దాటాలంటే దేవుడు కనపడతాడు. చచ్చిన ఊళ్ళో ట్రాఫిక్ జామ్ అవుతుందా?

పడిపోయింది నేత. ఊరేమో పెరిగింది. రెండూ ఒకే ఊళ్ళో, అవే వీధుల్లో, ఒకే కాలంలో జరిగాయి. నీ చేతిలో ఉన్న కథ ఇదీ. నీళ్ళు లేక వలసపోయిన పల్లె గురించి రాసేవాడికి ఒక సౌకర్యం ఉంది. తాళాలు పడ్డ ఇళ్ళు, తలుపులూడిన బడి, అరుగు మీద ఒంటరి ముసలాయన, ఏది రాసినా పాఠకుడు వెంటనే నమ్ముతాడు. నువ్వు ఆ సరంజామా అంతా తెచ్చి మంగళగిరిలో దింపావు. మీ ఊళ్ళో తాళం పడ్డ ఇల్లు నాకు కనపడలేదు. టులెట్ బోర్డు పెడితే నాలుగు రోజులు కూడా ఉండటం లేదు.

ఈ మధ్య మీ ఊళ్ళోనే తెలిసినవాళ్ళింటికి వెళ్ళాను. ముందుగది అద్దెకిచ్చారు. నర్సింగ్ చదివే ఆడపిల్లలు ఉంటున్నారు. మాట్లాడుతూ కింద చూస్తే ఒక మూల కొంత మేర టైల్స్ మిగతా గది కంటే తెల్లగా ఉన్నాయి. మిగతావి పాతబడి కాస్త పసుపు తిరిగాయి, ఇవి మాత్రం కొత్తవి. మగ్గం గుంట పూడ్చిన చోటు. సరిగ్గా మనిషి కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చునే మేర. ఆ తెల్ల టైల్స్ మీద ఒక పిల్ల ఇండక్షన్ స్టౌ పెట్టుకుని మ్యాగీ చేసుకుంటోంది. ఇంటావిడ అంది కదా, "నెలంతా నడుం పడిపోయేలా నేసినా ఈ అద్దెంత మిగిలేది కాదు బాబాయ్ గారూ" అని. ఆవిడ గొంతులో బాధ ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండునని మాత్రం నాకు అనిపించింది. మనకిదో జబ్బు, ఎదుటివాళ్ళ కన్నీళ్ళ మీద ఆశ. నీక్కూడా అంటుకున్నట్టుంది. ఇప్పుడే మందు వేసుకో.

నీ కథలో నాన్న పాత్ర మగ్గం అమ్మేసి ఎయిమ్స్ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగంలో చేరతాడు. ఆ ముక్కని ఒక్క లైనులో, ఏదో తల దించుకోవాల్సిన పని అయినట్టు రాసి దాటేశావు. ఆ మనిషిని అడిగావా? మజూరీ (నేతకూలి) కోసం షావుకారు కొట్టు మెట్ల మీద కూర్చోవడం ఎలా ఉండేదో, ఇప్పుడు నెల తిరిగేసరికి ఫోనులో జీతం పడ్డ మెసేజి చూసుకోవడం ఎలా ఉందో? ఆయన "హాయిగా ఉంది" అనొచ్చు. "చేతులు ఊరుకోవట్లేదు" అనొచ్చు. రెండూ ఒకే ఊపిరిలో అనొచ్చు కూడా. ఆయన ఏమన్నా నీ కథ అక్కడ తెరుచుకుంటుంది. కథంతటికీ అది ముఖ్యమైన చోటు, నువ్వేమో బస్సు ఆపకుండా పోయావు.

మగ్గం ఎందుకు పడిపోయిందంటే "కాలం మారింది" అని రాశావు. కాలం ఊరికే మారదు, ఎవరో మారుస్తారు, దానికి తేదీలుంటాయి. 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చింది. 22 రకాల బట్టలు చేతిమగ్గం మీదే నేయాలన్నారు. మిల్లులవాళ్ళు, పవర్‌లూమ్‌ల వాళ్ళు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. హమ్మయ్య అనుకునే లోపే ఆ 22 కాస్తా 11 అయ్యాయి. ఆ పదకొండైనా కాగితం మీద ఉన్నంత గట్టిగా బజార్లో లేవు. మంగళగిరి చీరకి పేరు తెచ్చింది ఒంటి నిండా పువ్వులు కాదు. సాదా ఒళ్ళు, చిక్కటి నేత, అంచున నిజాం బార్డరు. చూడ్డానికి సులువుగా ఉండేదాన్ని కాపీ కొట్టడమూ సులువే. చేత్తో రోజుల తరబడి నేసే చీరకి నకలు మరమగ్గం మీద గంటల్లో దిగుతుంది, ధర సగమూ ఉండదు. హైవే మీద షాపులో రెండూ పక్కపక్కనే వేలాడతాయి. కొనే ఆవిడకి తేడా ఎవరు చెప్పాలి? ఆ పేరుతో అమ్మేది ఈ ఊరి నేతే అయ్యుండాలనే జియోగ్రాఫికల్ గుర్తింపు వచ్చింది, మంచిదే. ఆ గుర్తింపు లేబుల్ కుట్టిన చీర ఎంతమంది చూశారో మీ వీధిలో కనుక్కో.

ఇదంతా కథలో గుమ్మరించమని కాదు. కథలో చట్టం పేరు రాకపోయినా ఫరవాలేదు. నీకు తెలిసుండాలి. తెలిస్తే నీ మనిషి ఎవరి మీద కోపపడాలో, ఎవరి మీద పడకూడదో తెలుస్తుంది. తెలియకపోతే పాపం అన్నింటికీ విధిని తిట్టుకుంటూ కూర్చుంటాడు.

ఒక కారణం మాత్రం నువ్వు కావాలనే తప్పించావని నా అనుమానం. నీ చదువు. మీ నాన్న మగ్గం అమ్మిన ఏడే నువ్వు ఇంజనీరింగులో చేరావని నీ ఉత్తరంలో రాశావు, కథలో రాయలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచినప్పుడు నేత ఇళ్ళ పిల్లలు ఎంతమంది వాటిలో చేరారో నీకు తెలుసు, నీ క్లాసులోనే ఉండుంటారు. ఏ తండ్రీ తన బిడ్డని గుంటలో కూర్చోబెట్టాలనుకోలేదు. ఆ వృత్తి పోవడంలో పవర్‌లూమ్ చేయి ఎంతుందో ఆ తల్లిదండ్రుల కోరిక కూడా అంతే ఉంది. వాళ్ళు కావాలనుకున్నదే జరిగింది. జరిగాక ఇల్లు నిశ్శబ్దమైపోయిందని వాళ్ళే బెంగపెట్టుకున్నారు. నువ్వు హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఆ మగ్గం కోసం ఏడుస్తున్నావు. ఏడవొద్దని అనను. ఆ ఏసీ గది కూడా కథలో ఉండాలంటాను. అది లేకపోతే నువ్వు మీ ఊరి నష్టాన్ని మాత్రమే రాసి, లాభాన్ని బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయినట్టు ఉంటుంది.

"ఆ రోజుల్లో ఎంత బాగుండేదో" అనే వాక్యం నీ కథలో నాయనమ్మ నోట పెట్టావు. నిజంగా అందా? నాకు తెలిసిన నేతకుటుంబాల్లో ఆడవాళ్ళెవరూ అంత తేలిగ్గా అనగా వినలేదు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది వాళ్ళు, కొత్త నిలువు పోగుల్ని పాతవాటికి కలిపి అచ్చు అతికేటప్పుడు పోగూ పోగూ అందించేది వాళ్ళు. మజూరీ లెక్కలో మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడి పేరే. వానాకాలం గుంటలో నీళ్ళూరితే పని ఆగిపోయేది, పని ఆగితే షావుకారు దగ్గర మళ్ళీ అప్పు. మీ కొండ మీద పానకాల స్వామి పోసిన పానకంలో సగం తాగి సగం భక్తుడికి వదిలేస్తాడు. షావుకారుకి అంత దైవత్వం ఉండేది కాదు. నాయనమ్మ బతికే ఉంది కాబట్టి ఆవిడ పక్కన కూర్చుని ఇవన్నీ అడుగు. రికార్డర్ పెట్టకు, పెడితే ఇంటర్వ్యూ ఇస్తుంది. చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అడుగు. రంగు అద్దిన రోజున సైడుకాలవ ఏ రంగులో పారేదో అడుగు. పురుటికి ఎన్నాళ్ళ ముందు రాట్నం ఆపిందో అడుగు. మంచిరోజులంటూ ఉంటే వాటంతట అవే బయటికొస్తాయి, నువ్వు సాయం చేయక్కర్లేదు.

ఇంకొకటి. మగ్గం అంటే నేసేవాడు ఒక్కడే అనుకున్నావు. దాని చుట్టూ ఎంతమంది ఉండేవాళ్ళు! పోగును అటూఇటూ తీసుకెళ్ళే నాడెలూ, దాన్ని కొట్టి బిగించే పలకలూ బాగుచేసే వడ్రంగి, అచ్చులు కట్టేవాడు, అద్దకంవాడు, వీధి పొడుగునా పడుగు (నిలువు పోగులు) సాగదీసి గంజి పెట్టే మనుషులు, తెల్లవారుజామునే టీ కాచి ఖాతా రాసుకునే కొట్టువాడు. వంద మగ్గాలు యాభై అయితే నేతగాళ్ళలో సగం మందికి ఇంకా పని ఉంటుంది. వడ్రంగికి ఉండదు. యాభై మగ్గాల రిపేర్లతో అతని ఇల్లు గడవదు, కాబట్టి అందరికంటే ముందు అతను ఊరు వదులుతాడు. వడ్రంగి లేడు కాబట్టి పలక విరిగిన మగ్గం అలాగే మూలన పడుతుంది. ఒక వృత్తి ఊడటం అంచుల నుంచి మొదలవుతుందని కథలో చూపించగలిగితే నీ నాన్న పాత్ర ఏడవకుండానే పని జరుగుతుంది. నన్నడిగితే ఆ వడ్రంగి మీదే కథ రాయొచ్చు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వార్డ్‌రోబ్‌లు చేస్తూ ఉంటాడు, బాగానే సంపాదిస్తూ ఉంటాడు.

రాజధాని అమరావతి మాట కథలో ఎక్కడా లేదు. రాజకీయం అంటుకుంటుందని టెన్షన్ పడ్డావా? మీ పక్కనున్న నవులూరు, ఎర్రబాలెం, నిడమర్రు, కురగల్లు రాజధాని గ్రామాలయ్యాయి. 29 ఊళ్ళలో 33 వేల ఎకరాల పైచిలుకు భూమి సమీకరణలోకి వెళ్ళింది. 2015 అక్టోబరులో శంకుస్థాపన, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన, 2024 తర్వాత మళ్ళీ పనులు. ఎవరిది ఒప్పో తేల్చే పూచీ కథకి లేదు. మీ వీధి టీకొట్టు దగ్గర మాటలు ఎలా మారాయో రాయి. ఒకప్పుడు "ఈ వారం నీకెన్ని దిగినయ్" అని చీరల గురించి అడిగేవాళ్ళు, తర్వాత "గజం ఎంత పలుకుతోంది" అన్నారు, మధ్యలో కొన్నేళ్ళు అసలేమీ అడక్కుండా పేపరు తిరగేశారు. ఇంటి స్థలం ఉన్న నేతగాడు, అద్దింట్లో నేసిన నేతగాడు, ఇద్దరూ ఒకే మగ్గం పోగొట్టుకున్నారు గానీ ఒకే బతుకు బతకలేదు. స్థలం ఉన్నవాడు అద్దెలు తీసుకుంటున్నాడు. లేనివాడు ఆ అద్దెలు కట్టలేక దూరంగా జరిగాడు. నువ్వు "నేతన్నలు" అని అందర్నీ ఒకే మూటలో కట్టేశావు.

రావడం, పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదులే. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు చెరో చోట అనుకున్నారు కాబట్టి ఆంధ్రరాష్ట్రం వచ్చాక రాజధాని కర్నూలుకి, హైకోర్టు మా గుంటూరుకి వచ్చాయి. 1954 జులైలో ఇక్కడ కోర్టు తెరిచారు, 1956లో రాష్ట్రాలు కలవగానే అదీ హైదరాబాద్ వెళ్ళిపోయింది. పట్టుమని మూడేళ్ళు లేదు. ఆ కోర్టును నమ్ముకుని ఇక్కడ ఇల్లు తీసుకున్న ప్లీడరు, ఆయన గుమాస్తా, ఎదురుగా కాఫీ హోటల్ పెట్టినవాడు తర్వాత ఏమయ్యారో చెప్పే కథ నాకింతవరకూ దొరకలేదు. దాని తర్వాత ఈ ఊరు మిర్చి యార్డు పట్టుకుంది, పొగాకు పట్టుకుంది, కోచింగ్ సెంటర్లు పట్టుకుంది. జూట్ మిల్లు మూతపడితే నాలుగు రోజులు మాట్లాడుకుని ఊరుకుంది. గుంటూరుకి మరుపు ఎక్కువ. అందుకే కాబోలు ఇంకా బతికుంది.

భాష గురించి ఎక్కువ చెప్పను, నీ చెవి మంచిది. సంభాషణల్లో మీ వీధి యాస ఉంది, అది బాగుంది. కథనంలోకి వచ్చేసరికి మాత్రం రేడియోలో వార్తలు చదువుతున్నట్టు బిగుసుకుపోతున్నావు. "శోకతప్త హృదయం" లాంటివి నీవి కావు, ఎక్కడివో తెచ్చావు, అక్కడే ఇచ్చెయ్. మగ్గం చప్పుడుని "టకటక" అని రాసి వదిలావు. కాళ్ళ కింద చెక్క మారినప్పుడు ఒక చప్పుడు, నాడె అటు తగిలినప్పుడు ఇంకొకటి, పలక లాగినప్పుడు మరొకటి. మధ్యలో పోగు తెగితే వచ్చే ఆ కాసేపటి ఖాళీ కూడా నీకు చిన్నప్పుడు నిద్రలో తెలిసే ఉంటుంది. అది నాకు తెలియదు, నీకు తెలుసు. నీకే తెలిసినవాటి మీద పేజీలు ఖర్చుపెట్టు.

చివర్లో మగ్గాన్ని పొయ్యిలో పెట్టించావు. మంట, పొగ, నాన్న మొహం మీద వెలుగు. సినిమా వాళ్ళు ఎగబడి తీసుకుంటారు. మీ నాన్న మాత్రం మగ్గాన్ని అమ్మాడని నువ్వే ఉత్తరంలో రాశావు. ఎవరికి అమ్మాడు? ఎంతకి? కొన్నవాడు నేతగాడేనా, లేక ఏ రిసార్టు రిసెప్షన్‌లోనో అలంకారంగా పెట్టడానికి కొన్నాడా? ఆ డబ్బు నీ ఏ సెమిస్టర్‌కి సరిపోయింది? బేరం జరిగిన మధ్యాహ్నాన్ని ఉన్నదున్నట్టు రాయి. మంట అక్కర్లేదు.

కథ మీ నాన్నకి చూపించలేదని అర్థమవుతూనే ఉంది. దసరా సెలవులకి వస్తావుగా, ప్రింటు తీసి ఆయన చేతికివ్వు, పెన్ను కూడా ఇవ్వు. ఆయన తప్పని కొట్టేసిన వాక్యాలు కొట్టేసినట్టే ఉంచి నాకు పంపు. కొరియర్ వద్దు, మా వీధివాడు పక్కింట్లో పడేసి పోతున్నాడు. స్పీడ్ పోస్టులో పంపించు, లేదా గుంటూరు దాకా వచ్చి నువ్వే ఇచ్చి, భోజనం చేసి వెళ్ళు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది.

ఉంటాను.