క్యాప్ లెక్క రాసే తమ్ముడికి

చిరంజీవికి ఆశీస్సులతో,

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఫ్రిస్కోలో ఉంటూ, డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయమైన ‘ది స్టార్’ పక్కనుంచే రాకపోకలు సాగిస్తూ, ఆ జట్టు డబ్బు లెక్కలను తెలుగులో రాయాలనుకోవడం నాకు బాగా నచ్చింది. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ళలో ఆదివారం ఆట చూసేవారు తక్కువేమీ కాదు గాని, ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ముగిశాక సెప్టెంబరు దాకా కాగితాల మీద సాగే ఆటను వాళ్ళకు విడమరచి చెప్పేవారు అరుదు. ఆ పని నువ్వు చేయగలవని నమ్ముతున్నాను కాబట్టి, మెచ్చుకోలుతో సరిపెట్టకుండా నీ రాతలో నాకు అడ్డుపడినవాటిని చెబుతాను.

నీ మొదటి వాక్యమే తీసుకుందాం. జట్టుకు శాలరీ క్యాప్‌లో, అంటే ఆటగాళ్ళ జీతాల మొత్తానికి లీగ్ ఏటా పెట్టే పరిమితిలో, ఇన్ని మిలియన్ల డాలర్ల చోటు ఉందని రాశావు. అది ఏ రోజు లెక్క? ఎంతమంది ఆటగాళ్ళను కలిపితే తేలిన లెక్క? ఎవరు చెప్పిన లెక్క? ఆటలు లేని నెలల్లో జట్టు చేతిలో 90 మంది దాకా ఉన్నా, పద్దులో పూర్తిగా పడేది ఖరీదైన మొదటి 51 మంది మాత్రమే. మిగిలినవారి జీతాలను లెక్కలోకి తీసుకోరు. వారికిచ్చిన సైనింగ్ బోనస్‌లో (ఒప్పందం మీద సంతకానికి ఇచ్చే మొత్తంలో) ఆ ఏటి వాటా ఉంటే అది మాత్రం పడుతుంది. సీజన్ మొదలయ్యే సెప్టెంబరులో ఈ వెసులుబాటు పోతుంది. అప్పుడు 53 మంది జట్టూ, ప్రాక్టీసు స్క్వాడూ, గాయాల జాబితాలో ఉన్నవారూ అందరూ లెక్కలోకి వస్తారు. కాబట్టి మే నెలలో కనిపించే చోటులో కొన్ని మిలియన్లు అప్పటికే ఖర్చు రాసిపెట్టుకున్నవని గ్రహించని రచయిత, జట్టు చేతులు ముడుచుకుని కూర్చుందని యాజమాన్యాన్ని అనవసరంగా తిడతాడు. డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకునే చోట, వచ్చే కుర్రాళ్ళ విషయమూ ఇంతే. 3 మిలియన్ల రూకీ (తొలి ఏడాది ఆటగాడు) వస్తే చోటు 3 మిలియన్లు తగ్గదు. అతను 51వ స్థానంలోని కనీస వేతనం వాణ్ణి లెక్కలోంచి తోసేస్తాడు కాబట్టి ఆ రెంటి తేడా మాత్రమే తగ్గుతుంది.

పైగా క్యాప్ అన్ని జట్లకూ ఒకటే అని రాశావు. లీగ్ ప్రకటించే అంకె ఒకటే, నిజం: 2024లో 255.4 మిలియన్లు, 2025లో 279.2 మిలియన్లు. కాని ఒక ఏడాది వాడుకోని మొత్తాన్ని మరుసటి ఏడాదికి తీసుకుపోయే వీలుండడం వల్ల ఏ జట్టు పరిమితి ఆ జట్టుదే అవుతుంది.

నీ పాఠకుణ్ణి కూడా కాస్త గుర్తుపెట్టుకో. అతనికి క్యాప్ అనగానే ఐపీఎల్ వేలం పర్సు తడుతుంది. సన్‌రైజర్స్ ఒక ఆటగాడికి 23 కోట్లు పెడితే, ఆ 23 కోట్లూ ఆ వేలం పర్సులోంచే పోతాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలా కాదు. చేతికి అందే డబ్బు వేరు, పద్దులో పడే మొత్తం వేరు, గ్యారంటీగా రాసిచ్చింది వేరు. ఈ మూడింటినీ నువ్వు ఒకే పేరాలో కలగాపులగం చేశావు. వీటిని విడదీయడం వచ్చిన రోజున నీ వ్యాసంలో సగం దోషాలు వాటంతటవే పోతాయి.

రీస్ట్రక్చర్ అంటే ఏమిటో చెప్పే చోట నువ్వు విశేషణాలు వాడావు, అంకెలు వాడలేదు. అక్కడ పాఠకుడికి కావలసింది కూడికా తీసివేతా మాత్రమే. ఒక ఆటగాడికి ఈ ఏడాది 21 మిలియన్ల జీతం ఉందనీ, ఒప్పందం ఇంకా ఐదేళ్ళు మిగిలి ఉందనీ అనుకుందాం. జట్టు అందులో 20 మిలియన్లను సైనింగ్ బోనస్‌గా మార్చి అతని చేతిలో పెడుతుంది; జీతం 1 మిలియన్ మిగులుతుంది. బోనస్‌ను ఐదేళ్ళకు మించకుండా సమానంగా పంచి రాయవచ్చని నిబంధన కాబట్టి, ఈ ఏడు పద్దులో పడేది 1 మిలియన్ జీతమూ 4 మిలియన్ల వాటా కలిపి 5 మాత్రమే. అలా 16 మిలియన్ల చోటు పుట్టింది. ఆటగాడికి ఒక్క డాలరు కూడా తగ్గలేదు, పైగా వారం వారం రావలసింది ముందే వచ్చింది. అందుకే ‘జట్టు కోసం జీతం తగ్గించుకున్నాడు’ అని నువ్వు రాసిన మాట తప్పు. త్యాగం వేరు, రీస్ట్రక్చర్ వేరు. ఇక ఆ 16 మిలియన్లు వచ్చే నాలుగేళ్ళ మీద, ఏటా నాలుగు చొప్పున కూర్చున్నాయి. ముందే చీటీ పాడుకున్నవాడు చివరి నెలదాకా వాయిదా కట్టక తప్పనట్టే ఇది కూడా. మరుసటి ఏడాదే ఆ ఆటగాణ్ణి వదిలేస్తే, మిగిలిన 16 మిలియన్లూ ఒక్కసారిగా ఆ ఏటి పద్దులోకి వచ్చి పడతాయి. డెడ్ మనీ అని అందరూ అనేది దాన్నే. జూన్ 1 దాటాక వదిలేస్తే ఆ ఏటి పద్దులో 4, పై ఏటి పద్దులో 12 పడతాయి. ప్రతి జట్టూ ఇద్దరు ఆటగాళ్ళను మార్చిలోనే విడుదల చేసి, జూన్ 1 తరువాత వదిలినట్టుగా రాసుకోవచ్చు. కాని ఆ పొదుపు జూన్ 2 దాకా చేతికి రాదు, అప్పటివరకు అతని పాత భారం మొత్తం పద్దులోనే ఉంటుంది. మార్చిలో ఆ పొదుపును చూపించి ‘ఈ డబ్బుతో ఫలానా వాణ్ణి కొనవచ్చు’ అని రాసే వ్యాసాలు ప్రతి ఏటా వస్తాయి. నీది వాటిలో చేరకూడదు.

అప్పు పెరుగుతున్నా జట్లు భయపడకపోవడానికి కారణం క్యాప్ ఏటా పెరుగుతుండడమే. 1994లో 34.6 మిలియన్లతో మొదలైన పరిమితి ఎక్కడికి చేరిందో పైన చూశావు. పెరిగే పద్దులో పాత వాయిదా తేలికవుతుంది. ఈ నమ్మకం దెబ్బతిన్నది 2021లో. ప్రేక్షకులు లేని కోవిడ్ సీజన్ తరువాత క్యాప్ 198.2 నుంచి 182.5 మిలియన్లకు పడిపోయింది. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ అంతవరకు ఏటా భారాన్ని ముందుకు నెట్టుకుంటూ వచ్చిన జట్టు. ఆ చలికాలంలో వాళ్ళు పరిమితికి దాదాపు 100 మిలియన్లు పైన ఉన్నారని లెక్కలు వచ్చాయి. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) డ్రూ బ్రీస్ తన 25 మిలియన్ల జీతాన్ని కనీస వేతనానికి దించుకున్నాడు. మార్చిలో విరమణ ప్రకటించినా, జూన్ 1 దాటేదాకా జట్టు అతని పేరును పద్దులోంచి తీయలేదు. ఇలాంటి ఉదాహరణ ఒక్కటి వివరంగా రాస్తే చాలు, ‘క్యాప్ నరకం’ వంటి మాటలతో పనిలేదు.

నన్నడిగితే, ఈ విద్య నేర్చుకునేవాడు కూర్చుని తిరగరాయవలసిన ఒప్పందం డెన్వర్ బ్రాంకోస్ జట్టు క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌తో చేసుకున్నది. 2022 మార్చిలో అతణ్ణి సియాటిల్ నుంచి తెచ్చుకున్నారు. పాత ఒప్పందంలో ఇంకా రెండేళ్ళు మిగిలి ఉండగానే, సెప్టెంబరు 1న మరో ఐదేళ్ళకు 245 మిలియన్ల పొడిగింపు ఇచ్చారు. ఆ పొడిగింపు మొదలవవలసింది 2024లో. అది మొదలుకాకముందే, 2024 మార్చిలో, అతణ్ణి వదిలేశారు. ఎందుకు అప్పుడే? నిబంధన చదివితే తెలుస్తుంది: మార్చి మధ్యలో లీగ్ సంవత్సరం మొదలైన ఐదో రోజుకు అతను జట్టులో ఉంటే, 2025కు రాసిన 37 మిలియన్ల జీతం కూడా గ్యారంటీ అయిపోతుంది. ఆట బాగుందా లేదా అన్న చర్చ ఎంత సాగినా, నిర్ణయానికి గడువు పెట్టింది ఆ తేదీ. డెడ్ మనీ మొత్తం 85 మిలియన్లు. 2024లో 53, 2025లో 32గా పడింది. అంతకుముందు రికార్డు 2022లో క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ ర్యాన్‌ను పంపించినప్పుడు అట్లాంటా మోసిన 40.5 మిలియన్లు. ఇక పిట్స్‌బర్గ్ విల్సన్‌ను కేవలం 1.21 మిలియన్ల కనీస వేతనానికి తీసుకుంది, ఎందుకంటే 2024కు గ్యారంటీ అయిన 39 మిలియన్లలో మిగతాదంతా డెన్వరే కట్టాలి. పిట్స్‌బర్గ్ ఎక్కువిస్తే అతనికి కలిసివచ్చేది ఏమీ లేదు, డెన్వర్‌కు మాత్రం అంతమేరకు తగ్గుతుంది. పోటీ జట్టు భారాన్ని ఎవరు తగ్గిస్తారు చెప్పు!

ఇక్కడ ఆగితే కథ ‘గుణపాఠం’గా ముగుస్తుంది, చాలామంది అలాగే ముగించారు కూడా. కాని ఆ 53 మిలియన్ల బరువుతోనే డెన్వర్ 2024లో బో నిక్స్ అనే రూకీ క్వార్టర్‌బ్యాక్‌తో 10 ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది. రూకీ జీతం డ్రాఫ్టు స్థానాన్ని బట్టి స్థిరపడి, చవకగా ఉంటుంది కాబట్టి, ఆ చవక అప్పటి బరువును చాలావరకు మోసింది. లెక్క ఒక వైపు చూపించి, ఫలితం మరో వైపు తేలినప్పుడు రెండూ రాయి. అంకెల పేరు చెప్పి జోస్యానికి దిగకు.

ఒప్పందం వార్త వచ్చిన గంటలో రాసేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ గంటలో బయటికి వచ్చే అంకె సాధారణంగా ఏజెంటు వైపునుంచి వస్తుంది. అది అన్నిటికంటె పెద్ద అంకె అయి ఉంటుంది. కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ 2024 సెప్టెంబరు 8న, క్లీవ్‌లాండ్‌లో తొలి ఆటకు కొద్ది గంటల ముందు ఒప్పుకున్న నాలుగేళ్ళ 240 మిలియన్లలో 231 గ్యారంటీ. అది నిజంగానే అంత పెద్ద ఒప్పందం. అన్నీ అలా ఉండవు. చివరి ఏడాదిలో ఎన్నడూ చెల్లించని జీతం రాసి సగటును పెంచినవి ఎన్నో ఉంటాయి. ఏ ఏడు ఎంత చేతికి వస్తుంది, ఏ ఏడుకు జట్టు ఖర్చు లేకుండా బయటపడగలదు అన్న వివరాలు రెండు మూడు రోజుల్లో బయటికి వస్తాయి. ఆటగాళ్ళ సంఘం ప్రతి జట్టు చోటును ప్రకటిస్తుంది. ఓవర్ ది క్యాప్, స్పోట్రాక్ వంటి వెబ్‌సైట్లలో ఒప్పందాల పట్టికలు ఉంటాయి. అవి రెండూ ఒకే ఆటగాడికి వేర్వేరు అంకెలు చూపిస్తే ఒకదాన్ని గుడ్డిగా ఎంచుకోకుండా, తేడా ఎక్కడ వచ్చిందో వెతుకు. చాలాసార్లు అది ఇంకా బయటపడని బోనస్ షరతు దగ్గరే ఉంటుంది.

ఒప్పందం చివర ఉండే వాయిడ్ ఇయర్స్‌ను కూడా చూడు. ఆటగాడు ఆడడని అందరికీ తెలిసిన సంవత్సరాలవి. బోనస్‌ను పంచడానికి మాత్రమే కాగితం మీద ఉంటాయి. 2023లో ఆటకు విరమణ చెప్పిన క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఇంట్లో కూర్చుని ఉండగా టాంపా బే పద్దులో అతని పేరిట 35 మిలియన్లు పడ్డాయి.

ఇప్పుడు నీ వ్యాసంలో నాకు అన్నిటికంటె నచ్చని వాక్యానికి వస్తాను. ‘క్యాప్‌లో చోటు లేకపోవడం వల్ల కౌబాయ్స్ తమ డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ను వదులుకోవలసి వచ్చింది’ అని రాశావు. యజమానే జనరల్ మేనేజరుగా ఉన్న జట్టు అది. 2025 మార్చిలో ప్రెస్కాట్, సీడీ ల్యాంబ్ ఒప్పందాలను సవరించి 50 మిలియన్లకు పైగా చోటు పుట్టించుకున్నవాళ్ళు, ఆగస్టులో పార్సన్స్‌ను గ్రీన్ బేకు పంపారు. అక్కడ అతనికి నాలుగేళ్ళకు 188 మిలియన్లు దక్కాయి. డాలస్‌కు డ్రాఫ్టు మొదటి రౌండులో రెండు ఎంపికలూ, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడూ వచ్చారు. అంత పెద్ద కొత్త ఒప్పందంలో కూడా తొలి ఏటి పద్దును ఎంత చిన్నగా రాయవచ్చో పైన చెప్పిన ఉదాహరణతో నువ్వే లెక్క వేసుకోగలవు. జట్టు చేసినది మంచిదే కావచ్చు, చెడ్డదే కావచ్చు; కాని అది ఎంపిక. ‘చోటు లేదు’ అన్న మాట యాజమాన్యం నోట వచ్చినప్పుడల్లా అది వీల్లేకపోవడమా, ఇష్టం లేకపోవడమా అని లెక్క వేసి తేల్చడమే మన పని. లేకపోతే వాళ్ళ ప్రకటనను తెలుగులో అచ్చువేసినట్టే అవుతుంది.

అయితే క్యాప్ ఉత్తి బూటకమని ఎదురు వాదనకు కూడా పోకు. 2010లో పరిమితి లేని ఏడాది వచ్చినప్పుడు భారాన్ని ఆ ఒక్క ఏటిలో కుమ్మరించినందుకు, 2012లో లీగ్ వాషింగ్టన్‌కు 36 మిలియన్లు, మన డాలస్‌కే 10 మిలియన్లు కోత వేసింది. పరిమితి లేని ఏడాదిలో ఖర్చు చేసినందుకు శిక్ష ఏమిటని అప్పట్లో చాలామంది నవ్వారు. నాకు ఇప్పటికీ ఆ తీర్పు మింగుడుపడదు. కాని కోత మాత్రం నిజంగానే పడింది.

అంకెలు రాసే తీరు గురించి ఒక్క మాట. ఒక చోట మిలియన్లు, ఇంకో చోట కోట్ల డాలర్లు, మరో చోట రూపాయలు రాశావు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అందులోనే ఉండు. రూపాయల్లోకి మార్చడం మాత్రం మానెయ్యి, దానివల్ల ఆశ్చర్యం పుడుతుందే తప్ప పోలిక తెలియదు. తేదీతో పాటు గంట కూడా రాయి. లీగ్ సంవత్సరం మార్చి మధ్యలో తూర్పు సమయం సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది, అంటే నీకు మూడు గంటలు, హైదరాబాదులో చదివేవాడికి అప్పటికే తెల్లవారుజామున ఒకటిన్నర. ఆ నిమిషానికి ప్రతి జట్టూ పరిమితి లోపల ఉండి తీరాలి, అందుకే దానికి ముందు మూడు నాలుగు రోజుల్లో రీస్ట్రక్చర్ వార్తలు వరుసకడతాయి.

పార్సన్స్ పేరా తీసేసి, ప్రెస్కాట్ ఒప్పందంలో ఏ ఏటి పద్దు ఎంతో, ఎప్పుడు వదిలితే ఎంత డెడ్ మనీ పడుతుందో లెక్క వేసి, ఆ పట్టికను ముందు నాకు పంపు. వ్యాసం తరువాత రాద్దువుగాని. పట్టికలో ఎక్కడైనా అంకె దొరక్కపోతే ఆ గడిని ఖాళీగానే వదిలెయ్యి, నేను కూడా వెతుకుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య