నీళ్లు నిలిచిన వరి మడిలో మైకోరైజా పనిచేస్తుందా?

మిర్యాలగూడ ఆయకట్టులో యాసంగి నాటు వేసి ఇరవై రోజులైన వరికి దుకాణంలో ఇచ్చిన మైకోరైజా (మొక్క వేళ్లలో చేరి దానితో పొత్తుగా బతికే శిలీంధ్రం) గుళికలు చల్లవచ్చా, అసలు నీళ్లలో పెరిగే మొక్కల వేళ్లలో ఈ శిలీంధ్రం బతుకుతుందా అని మీరు అడిగారు. ఈ దశలో చల్లవద్దనే నేను చెబుతాను. రెండో ప్రశ్నకు మాత్రం కాస్త వివరంగా జవాబివ్వాలి.

నేను చాలా ఏళ్లు ఇంటర్ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధించాను. సాగర్ ఎడమ కాలువ కింద మాకు కొద్దిగా పొలం, దానికి ఎగువన ఎర్ర చెలక ఉన్నాయి. ఒక యాసంగిలో నాటు వేసిన మడిలో సగానికి ఈ గుళికలు చల్లి, మిగతా సగం వదిలేశాను. పిలకల్లో గానీ, గింజలో గానీ కోత దాకా నాకు ఏ తేడా కనబడలేదు. తర్వాతి వానాకాలం అదే రకం గుళికలను చెలకలో కంది విత్తనంతో పాటు సాళ్లలో వేస్తే, వేసిన సాళ్లు వేయని సాళ్ల కంటే ముందుగా ఏపుగా లేచాయి.

కారణం ఈ శిలీంధ్రం బతికే తీరులోనే ఉంది. ఇది సజీవమైన వేరు లేనిదే ఎదగలేదు. వేరు కణాల్లో చిన్న చెట్టు కొమ్మల్లా చీలి, మొక్క నుంచి పిండిపదార్థాన్నీ కొవ్వునూ తీసుకుంటుంది. బదులుగా, వేరు అందుకోలేని దూరానికి సన్నని పోగులు పంపి భాస్వరాన్ని తెచ్చిపెడుతుంది. భాస్వరం మట్టిలో దాదాపు కదలదు కాబట్టి, వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అది అయిపోతే మెట్ట పంటకు ఆ పోగులే దిక్కు. మడిలో నీళ్లు నిలిచినప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. ప్రాణవాయువు గాలిలో కంటే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది కనుక గాలి కావలసిన శిలీంధ్రానికి ఊపిరి ఆడదు. అదే సమయంలో, గాలి అందని మట్టిలో ఇనుము రూపం మారి, తాను పట్టి ఉంచిన భాస్వరాన్ని వదిలేస్తుంది. ఇనుము దండిగా ఉన్న మన ఎర్ర నేలల్లో ఇది గమనించదగ్గ విషయం. కావలసిన భాస్వరం నీటి వల్లనే దొరుకుతున్నప్పుడు వరి తన పిండిపదార్థాన్ని శిలీంధ్రానికి ధారపోయవలసిన అవసరం తగ్గుతుంది. దీనికి తోడు డీఏపీ వంటి భాస్వరం ఎరువు ఎక్కువగా వేస్తే ఆ బంధం మరింత సడలుతుంది.

అలాగని వరికీ దీనికీ పొత్తు లేదనుకోకూడదు. శిలీంధ్రం తెచ్చిన భాస్వరాన్ని అందుకోవడానికే వరి వేళ్లలో ప్రత్యేకమైన ప్రోటీన్ ఉందని 2002లోనే తేలింది. వరి కాండం నుంచి వేరు కొస దాకా గాలి గొట్టాల వంటి కణజాలం ఉంటుంది; పైనుంచి ఆ దారిన వచ్చే గాలితోనే వేరు లోపలి శిలీంధ్రం కొంతవరకు నిలబడుతుంది.

మా విద్యార్థులతో కలిసి వేళ్లను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మరిగించి, ట్రిపాన్ బ్లూ రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూసేవాళ్లం. 1970 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి ఇది. మెట్ట నారుమడి నుంచి తెచ్చిన నారు వేళ్లలో నీలం పోగులు స్పష్టంగా కనిపించేవి, నాటు వేసిన నెలకు అవి బాగా పలచబడేవి. చెరువు శిఖంలో నీరు తీసినాక మొలిచిన గుంటగలగరలో అవి పుష్కలంగా ఉండగా, పక్కనే ఉన్న తుంగ వేళ్లలో వెతికినా దొరికేవి కావు. తుంగ జాతులు సాధారణంగా ఈ స్నేహానికి దూరంగానే ఉంటాయి. పూర్తిగా నీటి అడుగున పెరిగే మొక్కల్లోనూ ఇది ఉందన్నది నాకు ఇప్పటికీ అపురూపంగా తోచే విషయం. పోషకాలు తక్కువగా ఉండే ఉత్తర ఐరోపా సరస్సుల్లో లోబీలియా వంటి చిన్న మొక్కలు తమ వేళ్ల ద్వారా అడుగు మట్టిలోకి ప్రాణవాయువును వదులుతాయి, ఆ గాలిని ఆసరా చేసుకుని శిలీంధ్రం అక్కడ దట్టంగా అల్లుకుంటుంది. నీటి మొక్కల్లో దాని ఉనికిని వెల్లడించిన తొలి వివరాలు 1977లో వచ్చాయి.

కాబట్టి వరికి వాడాలనుకుంటే వచ్చే పంటకాలంలో మెట్ట నారుమడిలోనే విత్తనం కింద వేయండి, లేదా పొడి దుక్కిలో విత్తనం వేసేటప్పుడు వేయండి. నీరు పెట్టేలోపే శిలీంధ్రం వేరులోకి చేరాలి. మడిని మధ్యమధ్య ఆరనిచ్చే ఆరుతడి పద్ధతిలో నీరు కట్టితే అది నిలిచే అవకాశం పెరుగుతుంది. గుళికలను మట్టిపై చల్లితే లాభం తక్కువ, వేరుకు తగిలేలా పడాలి. ఇప్పుడు కొన్న బస్తాను ఎండ తగలని చల్లని చోట దాచి, దానిపై ఉన్న గడువు తేదీ చూసుకుని, తొలకరికి చెలకలో కంది పెట్టేటప్పుడు సాళ్లలో వాడుకోండి.