పెళ్లి మందు కాదమ్మా

తిరుపతి నుంచి ఒక తల్లి రాశారు. ఇరవై నాలుగేళ్ల కుమారుడికి పదో తరగతి నుంచి మూర్ఛ ఉందట. స్విమ్స్ ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలతో ఏడాదిన్నరగా ఫిట్స్ రాకపోయినా, డిగ్రీ అయ్యాక గది దాటడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. పెళ్లి చేస్తే కుదుటపడతాడా అన్నది ఆమె ప్రశ్న.

పడడు. ఒకరింటి ఆడపిల్లను మీ అబ్బాయికి నర్సుగా తెచ్చుకునే హక్కు మనకు లేదు. ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

తిరుచానూరులో మీ ఆడపడుచు కూతురి పెళ్లికి అందరూ వెళ్తూ, మీవారు అబ్బాయిని మాత్రం ఇంట్లో ఉండమన్నారని ఏదో మామూలు సంగతిలా రాశారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా మాత్రల షీటును కందిపప్పు డబ్బాలో దాచమన్నదీ ఆయనే. ఏళ్ల తరబడి ఆ పప్పులో చెయ్యి పెట్టి మాత్ర వెతుక్కునే కుర్రవాడికి, తానీ ఇంటికి తలవంపని ఇంకొకరు చెప్పాలా? మూర్ఛ ఉన్నవారికి దిగులు మామూలుగానే ఎక్కువ. జబ్బూ కొన్ని మందులూ కొంత కారణమైతే, దాచుకుని బతకడం మరికొంత. ఆ దిగులు సంగతి డాక్టరుకు కూడా తప్పక చెప్పండి, మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మాన్పించకండి.

కొడుకును దాచి కాపాడుకునే పరువు మీద నాకు గౌరవం లేదు. అయితే ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ ఆయన వీధిలోకి వెళ్లిపోయేవారని మీరే రాశారు కాబట్టి, ఆయనది భయమనే అనుకుంటున్నాను. ఈసారి న్యూరాలజీ ఓపీకి మీరు వెళ్లకండి, ఆయననే పంపండి. మెదడులోని నాడీకణాల్లో విద్యుత్ ప్రవాహం కాసేపు అదుపు తప్పడమే ఇదనీ, క్రమంగా మందు వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకగలరనీ డాక్టరు నోట వినాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, చేతిలో తాళాలూ నోట్లో చెంచాలూ పెట్టకూడదనీ, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలనీ నేర్చుకోవాలి. ఆ తర్వాత గాంధీ రోడ్డులోని మీ బట్టల కొట్లో, పదిమందీ చూసే కౌంటరులో, అబ్బాయిని తన పక్కనే కూర్చోబెట్టుకోవాలి.

రేపెప్పుడైనా అబ్బాయే పెళ్లి మాటెత్తితే, హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల జాబితా నుంచి మూర్ఛను 1999లోనే తొలగించారు. అలాగని దాచి చేయకండి. అమ్మాయివాళ్లకు ముందే చెప్పాలి, అదీ మీవారి నోటితోనే.