సక్సెస్ రేటు సరే, రేపు బిడ్డ అడిగితే ఏం చెబుతారు?

ప్రశ్న: మేడమ్, నాకు 43. నాలుగు ఐవీఎఫ్‌లు (అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపే చికిత్స) ఫెయిలయ్యాయి. చివరిసారి రెండే అండాలు దొరికాయి, రెండూ మూడో రోజుకే ఆగిపోయాయి. మావారికీ వీర్యకణాల కౌంట్ బాగా తక్కువ. ఇక దాతల ఎంబ్రియో (వేరేవాళ్ల అండం, వీర్యంతో ఏర్పడిన పిండం) గురించి ఆలోచించండి అన్నారు డాక్టర్. ఇక్కడ వెయిటింగ్ ఎక్కువని వేరే దేశం వెళ్దామనుకుంటున్నాం. స్పెయిన్, చెక్ రిపబ్లిక్, గ్రీస్ క్లినిక్‌ల బ్రోషర్లు ముందేసుకుని కూర్చున్నాం, ఒక్కోటి ఒక్కో సక్సెస్ రేటు చెబుతోంది. ఏది నమ్మాలి? ఇంకో మాట, అడగడానికి సిగ్గుగా ఉంది. పుట్టాక అది నా బిడ్డే అనిపిస్తుందా?

జవాబు: సిగ్గెందుకండీ, నాకొచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఆ మాటతోనే ముగుస్తాయి. దాని దగ్గరికి వస్తాను. ముందు నా సంగతి చెప్పేస్తా. నేను డాక్టర్ని కాను. మా అమ్మాయి పుట్టింది కూడా దాతలిచ్చిన ఎంబ్రియోతోనే, అదీ స్పెయిన్ వెళ్లి చేయించుకుంటే. దానికిప్పుడు తొమ్మిదేళ్లు. దీన్ని చక్కగా తెలుగులో రాద్దామని ‘పిండదానం’ అని మొదలుపెట్టి నాలిక్కరుచుకున్నాను, కాబట్టి ఎంబ్రియో అనే రాస్తాను, ఏమీ అనుకోకండి.

సక్సెస్ రేట్లతో బుర్ర పాడుచేసుకోకండి. ఒకరు టెస్ట్ పాజిటివ్ వచ్చిన ప్రతిదాన్నీ లెక్కలో వేసుకుంటారు, ఇంకొకరు స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనిపిస్తే వేసుకుంటారు, మరొకరు బిడ్డ చేతికొచ్చాకే వేసుకుంటారు, పైగా అది ఒక్క ట్రాన్స్‌ఫర్‌కా (అంటే ఎంబ్రియోని ఒకసారి గర్భాశయంలో పెట్టడం) మూడింటికి కలిపా అన్నది ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందరినీ ఒకటే అడగండి: దాత ఎంబ్రియో ఒక్కటి పెట్టినప్పుడు, ఒక్క ట్రాన్స్‌ఫర్‌కి, ఎంతమందికి బిడ్డ పుట్టింది? దీనికి సూటిగా జవాబు చెప్పకుండా నీళ్లు నమిలే క్లినిక్‌ని పక్కన పెట్టేయొచ్చు. మీకు 43 అన్న బెంగ కూడా ఇక్కడ కొంత తగ్గించుకోవచ్చు, ఎందుకంటే ఎంబ్రియో నిలబడడం ఎక్కువగా ఆ అండం ఇచ్చినావిడ వయసు మీద ఆధారపడుతుంది. మీ వయసు తర్వాత, నెలలు నిండేకొద్దీ, బీపీ లాంటి వాటి దగ్గర లెక్కకొస్తుంది.

అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి, వాటిని బ్రోషర్లో వేయరు. మొదటిది, ఈ ఎంబ్రియో ఎక్కడిది? దాత ఎంబ్రియో అంటే రెండు రకాలు. ఒకటి, ఐవీఎఫ్ చేయించుకుని పిల్లలు పుట్టేశాక ఫ్రీజర్‌లో మిగిలినవాటిని ఓ జంట ఇంకొకరికి ఇచ్చేసినవి. రెండోది, అండదాత ఒకరు, వీర్యదాత ఒకరు, ఇద్దరివీ కలిపి క్లినిక్కే తయారుచేసినవి. మొదటిదాంట్లో మీ బిడ్డకి ఎక్కడో తోడబుట్టినవాళ్లు ఉంటారు, వాళ్ల సొంత తల్లిదండ్రుల దగ్గరే పెరుగుతూ. రెండోదాంట్లో ఒకే విడతలో తయారైన ఎంబ్రియోలను నలుగురైదుగురికి పంచే క్లినిక్‌లూ ఉన్నాయి, అంటే తోడబుట్టినవాళ్లు నాలుగు ఇళ్లలో, ఒక్కోసారి నాలుగు దేశాల్లో. రెండూ తప్పు కాదు. కానీ రెండూ ఒకటి కాదు, పిల్లకి చెప్పాల్సిన కథ మారిపోతుంది. మాకు ఈ తేడా ఉందని మూడో నెల వచ్చాక తెలిసింది, ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

రెండోది, దాతల గురించి బిడ్డకి ఏం తెలుస్తుంది? ఇక్కడే దేశం మారితే అంతా మారిపోతుంది. స్పెయిన్‌లో 2006 చట్టం ప్రకారం దాత ఎవరో చెప్పరు, వయసు, బ్లడ్ గ్రూప్ లాంటి పైపై వివరాలే ఇస్తారు, బిడ్డ ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు వస్తే తప్ప పేరు బయటికి రాదు. చెక్ రిపబ్లిక్‌లోనూ గోప్యమే. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 తర్వాత నమోదైన దాతలైతే బిడ్డకి 18 నిండాక పేరు, వివరాలు అడిగి తెలుసుకునే హక్కుంది. పోర్చుగల్‌లో 2018లో రాజ్యాంగ న్యాయస్థానమే గోప్యతని కొట్టేసింది. అయినా గోప్యం అని చట్టంలో రాసుకున్నంత మాత్రాన అది నిలుస్తుందని నేను అనుకోను. ఉమ్మి ట్యూబులో వేసి పంపితే దూరపు చుట్టాల్ని కూడా పట్టిచ్చే డీఎన్‌ఏ టెస్టులు వచ్చేశాయి.

ఇదంతా ఇప్పుడెందుకు, ముందు కడుపు పండనీ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. పాపకి నాలుగేళ్లప్పుడు రాత్రుళ్లు ఒకటే దగ్గు, పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చేతిలో ఫారం పెట్టారు. ‘కుటుంబంలో ఎవరికైనా ఉబ్బసం? అలర్జీలు? షుగర్?’ పక్కనే అవును, కాదు అని చిన్న డబ్బాలు. మా ఆయన అలవాటుగా వాళ్ల నాన్నగారి ఉబ్బసానికి టిక్ పెట్టేశారు. పెట్టి ఆగిపోయి, నా వైపు చూసి, కొట్టేశారు. కొట్టేసిన ఆ టిక్ పక్కన నేను ‘తెలియదు’ అని రాశాను, కిందికంటా తెలియదు, తెలియదు, తెలియదు. ఇంటికొచ్చి క్లినిక్‌కి మెయిల్ పెడితే రెండు వారాలకి జవాబొచ్చింది: అండదాత వయసు 26, ఓ పాజిటివ్, వీర్యదాత వయసు 31, ఏ పాజిటివ్, ఇద్దరికీ పరీక్షలన్నీ నార్మల్. అంతే. చట్టం ప్రకారం వాళ్ల తప్పేం లేదు, ఆ సంగతి నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది, చదవకుండా పెట్టాను.

అందుకే నా సలహా ఇది. ముందు మీరిద్దరూ కూర్చుని, బిడ్డ పెద్దయ్యాక మా దగ్గర ఏ వివరాలు ఉండాలి అన్నది తేల్చుకోండి, దాన్నిబట్టి దేశం, ఆ తర్వాతే క్లినిక్. పేరు తెలియకపోయినా పర్లేదు అనుకుంటే స్పెయిన్ మీకు నప్పుతుంది. తెలిసి తీరాలి అనుకుంటే అక్కడికి వెళ్లి ప్రయోజనం లేదు, ఎంత మంచి క్లినిక్ అయినా. గ్రీస్‌లో 2022లో చట్టం మార్చి, పేరు చెప్పడానికి ఇష్టపడే దాతలకీ దారి తెరిచారు, కాబట్టి అక్కడ రెండు రకాలూ ఉన్నాయా అని అడగండి.

వయసు గొడవ మీకు ఇప్పుడు లేదు కానీ వాయిదాలు వేయకండి. చెక్‌లో 49 దాటకూడదు, పైగా ఆడా మగా ఇద్దరూ కలిసి సంతకం పెడితేనే చేస్తారు, ఒంటరి ఆడవాళ్లకి చేయరు. గ్రీస్‌లో 54 దాకా ఉంది, 50 దాటితే ప్రత్యేక అనుమతి కావాలి. మీరుండే దేశం చట్టం కూడా ఓ లాయర్ని అడిగి చూసుకోండి, పుట్టిన బిడ్డకి తల్లి ఎవరని అక్కడ రాసుంది అని. బ్రిటన్‌లో అయితే ప్రపంచంలో ఎక్కడ చేయించుకున్నా కన్నావిడే తల్లి, అన్నిచోట్లా అంత తేలిక కాదు.

ఇక ఆ చివరి ప్రశ్న. పుట్టిన రోజు నాకు ఏ మెరుపూ మెరవలేదు. అలసట, భయం, ఇదెవరో కొత్తమనిషి అన్న ఫీలింగ్. మూడో వారమో నాలుగో వారమో, తెల్లవారుజామున పాలకి ఏడుస్తుంటే మా ఆయన ఎత్తుకోబోయారు, ‘ఉండండి, దానికి అలా ఎత్తుకుంటే నచ్చదు’ అన్నాను. ఎలా ఎత్తుకుంటే నచ్చుతుందో నాకు తెలుసన్న సంగతి ఆ మాట అన్నాకే నాకు తెలిసింది. సొంత అండంతో కన్నవాళ్లలోనూ చాలామంది ఇదే చెబుతారు. పోలికలు రాలేదే అన్న చివుక్కు మాత్రం అప్పుడప్పుడూ ఉంటుంది, లేదని అబద్ధమెందుకు. పాపకి మాటలు రాకముందు నుంచే ఈ దాతల సంగతి చెప్పడం మొదలుపెట్టాం, అప్పుడు ఎవరికి ప్రాక్టీసు కావాలో తెలుసా, మాకే. మొదటిసారి చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేసింది, అది మాత్రం నిద్రపోయింది.

ప్రశ్న: వచ్చే నెల మా ఆవిడకి విదేశంలో దాత ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్. నేను ఎన్ని రోజులు సెలవు పెట్టాలి? మళ్లీ మళ్లీ అంతదూరం వెళ్లలేం కాబట్టి రెండు ఎంబ్రియోలు పెట్టించుకుంటే మేలు కదా?

జవాబు: వారం పెట్టండి, సరిపోతుంది. అసలు పనంతా ఇంటి దగ్గరే జరుగుతుంది. పీరియడ్ మొదలయ్యాక ఈస్ట్రోజన్ మాత్రలు, దాదాపు రెండు వారాలకి మీ ఊళ్లోనే స్కాన్, గర్భాశయం పొర 7 మిల్లీమీటర్లు దాటిందో లేదో చూస్తారు, దాటితే ప్రొజెస్టిరాన్ మొదలుపెట్టి ఐదు రోజులయ్యాక ట్రాన్స్‌ఫర్. మందులు చెకిన్ లగేజీలో వేయకండి, చేతిసంచిలో పెట్టుకోండి. తిరిగొచ్చాక సరిపడా అక్కడే కొనుక్కోండి, ఎందుకంటే ఆ దేశం చీటీకి ఇక్కడ మందుల షాపువాడు మందివ్వకపోవచ్చు, పాజిటివ్ వస్తే ఆ మందులు పది పన్నెండు వారాల దాకా ఆపకూడదు.

ట్రాన్స్‌ఫర్ ఐదు నిమిషాల పని. అంతకన్నా కష్టం, నిండిన బ్లాడర్‌తో అరగంట బయట కూర్చోవడం. మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో ఉన్నదాన్ని ఆ పొద్దున్నే కరిగిస్తారు, అది బతికిందని ఫోన్ వచ్చేదాకా మీ ఇద్దరికీ టిఫిన్ దిగదు. స్కాన్ తెరమీద ఓ తెల్లచుక్క మెరుస్తుంది, చాలామంది అదే ఎంబ్రియో అనుకుని ఫొటో దాచుకుంటారు. అది పక్కన వెళ్లే గాలిబుడగ, ఎంబ్రియో అంత పెద్దగా కనిపించదు. నా దగ్గరా ఉందిలెండి ఆ ఫొటో. తర్వాత మంచం మీద పడుకోబెట్టక్కర్లేదు, బెడ్ రెస్ట్‌తో ఉపయోగం లేదని తేలిపోయింది.

రెండు ఎంబ్రియోలు వద్దు. రెండు పెడితే అవకాశం రెట్టింపు కాదు, కవలల ప్రమాదం మాత్రం బాగా పెరుగుతుంది. కవలలంటే నెలలు నిండకుండా పుట్టడం, తల్లికి బీపీ. టికెట్ డబ్బులు మిగిలాయని సంతోషించేలోపు ఐసీయూ బయట కూర్చోవాల్సి రావచ్చు. ఒకటి పెట్టించి, రెండోది మీ పేరున ఫ్రీజర్‌లో ఉంచమనండి, వాళ్లు ఎంతకాలం ఉంచుతారో రాయించుకోండి.

ప్రశ్న: నాకు 45, ఏడో వారం. దాత ఎంబ్రియో అని ఇక్కడి డాక్టర్‌కి చెప్పలేదు, ఫైల్లో రాస్తే అందరికీ తెలిసిపోతుందని. చెప్పకపోతే నష్టమా?

జవాబు: చుట్టాలకి చెప్పకండి, పక్కింటివాళ్లకి అసలే చెప్పకండి, డాక్టర్‌కి మాత్రం రేపే చెప్పండి. రెండు కారణాలు. దాత అండంతో వచ్చిన గర్భంలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ, ముందే తెలిస్తే వాళ్లు కనిపెట్టుకుని ఉంటారు, ఆస్పిరిన్ లాంటిది అవసరమా అని మొదటి నెలల్లోనే ఆలోచిస్తారు. రెండోది మీరు ఊహించనిది. మూడో నెలలో డౌన్ సిండ్రోమ్‌కి చేసే స్క్రీనింగ్ లెక్కలో తల్లి వయసు వేస్తారు. మీ 45 వేస్తే రిస్కు ఆకాశాన్నంటుతుంది, రెండు వారాలు నిద్రుండదు. అక్కడ వేయాల్సింది అండం తీసిన రోజుకి ఆ దాతకున్న వయసు. అందరికీ తెలుస్తుందన్న భయం ఉంటే, ఈ వివరం ఎవరెవరు చూస్తారో డాక్టర్నే అడగండి, చులకనగా తీసుకోరు.

ఆ వయసు మీ దగ్గర లేకపోతే ఇవాళే క్లినిక్‌కి మెయిల్ పెట్టండి. దాత వయసు, అండం తీసిన తేదీ, ఫ్రీజ్ చేసిన తేదీ, ఇద్దరి బ్లడ్ గ్రూపులు. మాకు రెండు వారాలు పట్టింది, మీ స్క్రీనింగ్‌కి ఇంకా నాలుగు వారాలే ఉంది.