పండుగ నుంచి ఎనక్కి లెక్కపెట్టుకుని విత్తనం వెయ్యాలె: హన్మకొండల నా పూలమొక్కల అనుభవం

తమ్ముడూ, నువ్వు రెండు ముచ్చట్లు అడిగినవు. జమ్మికుంటల కొత్తిల్లు కట్టినం, ముందర పది అడుగుల జాగ ఉన్నది, ఏడాది పొడుగునా రంగులు కనబడాలంటే ఏం మొక్కలు పెట్టాలె అన్నది ఒకటి. బంతి దసరా ఎల్లినంక పూసింది, ఆన్‌లైన్ల తెప్పించిన ఫాక్స్‌గ్లోవ్ ఆకులే తప్ప పూత లేక మే నెలల మాడిపోయింది, తప్పు ఎక్కడ జరిగింది అన్నది ఇంకోటి. నీ చేతిల తప్పు లేదు. ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొన్నవు, మన కాలం చూసి కొనలేదు, అంతే. నేను గూడ మొదటి రెండు మూడేండ్లు అట్లనే కొన్న.

ముందు బంతి సంగతి చెప్త. మేము హన్మకొండకు వచ్చిన తొలి ఏడు జూలైల పూసా నారంగి గైందా విత్తనం వేసిన. మంచి రకం, పువ్వు ముద్దగ నిండుగ వస్తది. కాని అది పూతకు రావాలంటే 125 నుంచి 135 రోజులు పడ్తది. అది నాకప్పుడు తెల్వదు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు మడి నిండ పచ్చటి ఆకే. మా అత్తమ్మ ఏమనలేదు, తాంబాళంల గునుగు, తంగేడు పేర్చి, నడుమ గుమ్మడి పువ్వు పెట్టింది. నాకైతే ఆ రోజు మస్తు బాధైంది. అప్పటిసంది విత్తనం కొనేటప్పుడు రంగు తర్వాత అడుగుత, ముందు ఎన్ని రోజులకు పూస్తదో అడుగుత.

ఇంకో మెలిక ఉన్నది. బతుకమ్మ తిథి మీద వస్తది, తేదీ మీద రాదు. 2023ల అధిక శ్రావణం వచ్చి ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 14న పడ్డది. 2025ల సెప్టెంబరు 21కే వచ్చింది. ఇరవై మూడు రోజుల తేడా! ఏటా ఒకే నాడు నారు పోస్తే ఒక ఏడు ముందుగాల పూసి వాడిపోతయి, ఒక ఏడు మొగ్గలే ఉంటయి. అందుకే ఉగాదికి పంచాంగం రాంగనే ఎంగిలిపూల బతుకమ్మ పడే మహాలయ అమావాస్య ఎప్పుడో చూసి, ఆడికెల్లి ఎనక్కి ఎనభై రోజులు లెక్కపెడ్త. నారుమడిల పాతిక రోజులు, నాటినంక యాభై యాభై అయిదు రోజులు. త్వరగా పూసే రకాలకు ఈ లెక్క సరిపోతది. 2025కు ఆరుద్ర కార్తెల, అంటే జూలై మొదట్ల, నారు పోయాల్సి వచ్చింది, 2023కు పుష్యమి కార్తె దాక, అంటే జూలై ఆఖరు దాక, ఆగాల్సి వచ్చింది.

నాటినంక మూడు నాలుగు వారాలకు తల తుంచుడు మర్చిపోవద్దు. నడిమి కొమ్మకు అయిదారు జతల ఆకులు వచ్చినంక, పై మొగను బొటనవేలు గోరుతోటి నొక్కితే టక్కున ఊడుతది. వేలికి ఆ ఘాటు వాసన పొద్దుమూకేదాక ఉంటది. పది రోజులల్ల ప్రతి ఆకు సందుల నుంచి పక్క కొమ్మలు లేస్తయి. తుంచని మొక్కకు నాలుగైదు పూలైతే, తుంచినదానికి బుట్టెడు. పూత నాలుగైదు రోజులు ఆలస్యమైతది, అది గూడ లెక్కల కలుపుకో. నీ జాగల నల్లరేగడి ఉన్నదన్నవు కాబట్టి బంతిని బోదె మీదనే, అంటే ఎత్తు చేసిన మట్టి కట్ట మీదనే, నాటు. వానకాలం నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి పొద్దటికల్లా తల వాలేస్తది.

ఇగ ఫాక్స్‌గ్లోవ్. అది రెండేండ్ల మొక్క. మనకు ఎరుకున్న ఉల్లిగడ్డ అసుంటిదే. విత్తనం వేసిన ఏడు గడ్డ ఊరుతది, ఆ గడ్డను మళ్ల నాటితే కాడ లేసి పూగుత్తి వస్తది. ఫాక్స్‌గ్లోవ్ మొదటి ఏడు ఆకులు పరుచుకుంటది, నడుమ వారాల తరబడి గట్టి చలి తగలాలె, అప్పుడే కాడ లేపుతది. వరంగల్‌ల జనవరిల గూడ పగలు 28, 30 డిగ్రీలు ఉంటది. ఆ చలి మనమెక్కడి నుంచి తెస్తం? క్యాబేజీ గూడ ఇట్ల చలి అడిగే పంటనే, అందుకే దాని విత్తనం హిమాచల్ కొండలల్ల తీస్తరు. మళ్ల వేస్తనంటే చలి లేకున్నా తొలి ఏడే పూసే 'ఫాక్సీ' లాంటి రకం చూసుకో. కాని ఇంట్ల చిన్న పిల్లలున్నరన్నవు. ఆ మొక్క ఆకు నుంచి పువ్వు దాక అంత విషమే, గుండె మీద పనిచేస్తది. నేనైతే పెట్టను.

రెండేండ్ల మొక్కలల్ల మన దగ్గర నన్ను మెప్పించింది హాలీహాక్ ఒక్కటే. ఆగస్టు ఆఖరుల విత్తనం వేస్తే ఫిబ్రవరి, మార్చిల పూస్తది, రెండో ఏడు దాక ఆగే పని లేదు. ప్రహరీ గోడ పొంటి పెట్టు, మనిషెత్తు లేస్తది, గాలికి పడకుండ కర్ర కట్టు.

చలికాలం రంగుకు పెటూనియాను మించింది లేదు. ఉత్తర, హస్త కార్తెలల్ల, అంటే సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు మొదట్ల దాక, వేస్తే డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాక పూస్తది. విత్తనం దుమ్ములెక్క ఉంటది. చారెడు సన్న ఇసుకల కలిపి, తడి చేసిన మట్టి మీద చల్లి, అరచేతితో మెల్లగ ఒత్తు. పైన మన్ను కప్పితే మొలవదు, దానికి వెలుగు కావాలె. నీళ్లు చెంబుతో పోయొద్దు, పిచికారీనే. ఇదంత ఓపిక లేకుంటే నవంబరుల నర్సరీ నుంచి నారు తెచ్చుకో, తప్పేం లేదు. కాలెండ్యులా, డయాంథస్, ఫ్లాక్స్ గూడ గదే కాలానికి.

ఎండకాలానికి నాచుపూలు. కొమ్మ తుంచి గుచ్చితే చాలు, నలభై డిగ్రీల ఎండల గూడ పూస్తయి. జినియా ఫిబ్రవరిల నేలల్నే వెయ్యి, వానలల్ల దానికి బూడిద తెగులు ఎక్కువ.

గునుగు మాత్రం కొనకు. బతుకమ్మ ఎల్లినంక చేను గట్ల మీద ఎండిన గునుగు కంకులు నాలుగు తెచ్చి, న్యూస్‌పేపర్ మీద దులిపితే నల్లగ మెరిసే సన్న గింజలు రాలుతయి. కవర్ల కట్టి పెట్టి, జూన్‌ల మిరుగు (మృగశిర కార్తె) దాటి రెండు వానలు పడ్డంక గోడ మూలకు చల్లు. మా గోడకైతే ఒక్కసారే చల్లిన, ఇప్పుడు ఏటా వాటంతట అవే మొలుస్తున్నయి.