రోశయ్య గారికి గవర్నర్ పదవి ఎలా వచ్చింది, అంతకుముందు ఏం చేశారు?

చాలామందికి ఆయన వై.ఎస్. పోయాక వచ్చిన సీఎంగానే గుర్తు, కానీ అసలు కథ అంతకు చాలా ముందే ఉంది. గుంటూరు జిల్లా వేమూరులో పుట్టిన కొణిజేటి రోశయ్య 1968లోనే ఎమ్మెల్సీ అయ్యారు. చెన్నారెడ్డి నుంచి వై.ఎస్. దాకా వరసగా కాంగ్రెస్ ముఖ్యమంత్రులు మారుతున్నా ఈయన మాత్రం మంత్రిగా కనిపిస్తూనే ఉండేవారు, ఎందుకంటే లెక్కలు ఆయనకి కొట్టినపిండి. బడ్జెట్ 16 సార్లు పెట్టారు, మామూలు విషయం కాదు! మధ్యలో 1998లో నరసరావుపేట నుంచి ఎంపీ కూడా.

2009 సెప్టెంబర్‌లో హెలికాప్టర్ ప్రమాదం తర్వాత సీఎం కుర్చీ దక్కింది గానీ సుఖం దక్కలేదు. ఒకపక్క తెలంగాణ ఉద్యమం, ఇంకోపక్క జగన్ ఓదార్పు యాత్ర. 2010 నవంబర్‌లో రాజీనామా చేసేశారు. మాట వినే మనిషి కాబట్టి అధిష్ఠానం 2011 ఆగస్టులో తమిళనాడు రాజ్‌భవన్‌కి పంపింది (ఇది నా అభిప్రాయం). 2014లో కేంద్రంలో ప్రభుత్వం మారాక పాత గవర్నర్లు చాలామంది పదవులు వదిలి వెళ్లిపోయారు, ఈయన మాత్రం ఐదేళ్లూ పూర్తిచేశారు, పైగా కొన్నాళ్లు కర్ణాటక అదనపు బాధ్యత కూడా చూశారు. 2015లో జయలలిత మళ్లీ సీఎం అయినప్పుడు ప్రమాణం చేయించింది ఈయనే.